పది నుంచి పన్నెండు దాకా మా పిల్లలు ఏం చేస్తున్నారో వచ్చి చూడండి

జిల్లా మహిళా, శిశు సంక్షేమ శాఖ పీడీ (ప్రాజెక్టు డైరెక్టర్) గారికి, మా ప్రాజెక్టు సీడీపీవో (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) గారికి, సెక్టార్ సూపర్‌వైజర్ గారికి,

నమస్కారం.

నేను కోర్టు రోడ్డులో ఒక జిరాక్సు, డీటీపీ షాపులో పనిచేస్తాను. సోమవారం వచ్చిందంటే పొద్దున్నే మా షాపు ముందు జనం ఉంటారు. కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి వెళ్లేవాళ్లకి అర్జీలు టైపు చేసిపెట్టడం నా పని. పింఛను ఆగిపోయిందనో, పాస్‌బుక్‌లో సర్వే నంబరు తప్పు పడిందనో, మురుగు నీళ్లు ఇంట్లోకి వస్తున్నాయనో రాయించుకుంటారు. ఎనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. అంగన్‌వాడీ గురించి వచ్చిన అర్జీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గుడ్లు చిన్నవి ఇస్తున్నారని ఒకాయన, పాల ప్యాకెట్లు రాలేదని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు రాయించుకున్నారు. "అక్కడ మా పిల్లలకి ఏమీ నేర్పడం లేదు" అని ఇంతవరకు ఒక్కరూ రాయించుకోలేదు. ఆ మాట నేను రాస్తున్నాను. ఎవరి మీదా చర్య తీసుకోమని మాత్రం అడగడం లేదు. అందుకే సెంటర్ల నంబర్లు, టీచర్ల పేర్లు ఈ లేఖలో ఎక్కడా పెట్టలేదు.

మా పాపకి మూడేళ్లు నిండి నాలుగు నెలలైంది. మా ఆయన ఆటో నడుపుతారు. కాన్వెంట్‌లో ఎల్‌కేజీకి అడిగితే ఫీజు, పుస్తకాలు, వ్యాను అన్నీ కలిపి మా ఆయన రెండు నెలల సంపాదన చెప్పారు. అప్పో సప్పో చేసి కట్టేవాళ్లమే. కానీ ఆ క్లాసులో అంత చిన్న పిల్లలు బెంచీల మీద బిగుసుకుని కూర్చుని నాలుగు గీతల కాపీలు నింపుతుంటే చూడలేక వెనక్కి వచ్చేశాను. అంగన్‌వాడీలో వేద్దాం అన్నాను. "ఏ సెంటరైనా ఒకటేగా, అన్నీ గవర్నమెంటువే. దగ్గర్లో ఉన్నదాంట్లో వెయ్యి" అన్నారు అత్తయ్య.

మా ఇంటి నుంచి ఇరవై నిమిషాల నడకలో మూడు సెంటర్లున్నాయి. కాలువ గట్టు మీద ఒకటి, గుడి వెనక ఒకటి, ప్రాథమిక పాఠశాల ఆవరణలో ఒకటి. వారానికి రెండు పూటల చొప్పున షాపులో సెలవు పెట్టి, నెల రోజులు ఆ మూడింటికీ తిరిగాను. టీచర్లని అడిగే కూర్చున్నాను. ముగ్గురూ కూర్చోనిచ్చారు. వాళ్లకి ఇక్కడే కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. ఒక నోట్‌బుక్ పెట్టుకుని గంటగంటకీ చూసింది రాసుకున్నాను. మూడూ ఒకే శాఖవి. ఒకే బియ్యం, ఒకే పప్పు, ఒకే గుడ్డు, టీచర్లకి ఒకే జీతం. కానీ మూడు చోట్ల పిల్లల పొద్దు మూడు రకాలుగా గడుస్తోంది.

ముందు గుడి వెనక సెంటర్ గురించి చెప్తాను, ఎందుకంటే పాప పేరు అక్కడే ఉంది. నేను కడుపుతో ఉన్నప్పటి నుంచి మా వీధి ఆ సెంటర్ కిందే. సొంత బిల్డింగు. గోడల మీద ఏనుగు, రైలు, అక్షరాలు, మంచి రంగులు. బాత్రూముంది, వంటగది విడిగా ఉంది, గోడకి టీవీ కూడా ఉంది. అంగన్‌వాడీకి కనీసం 600 చదరపు అడుగుల గది, విడిగా వంటకి చోటు, పిల్లలకి మరుగుదొడ్డి ఉండాలని కేంద్రం పెట్టిన లెక్క ఒకటుంది. ఆ లెక్కకి సరిగ్గా సరిపోయే సెంటర్ అది. ఏ అధికారి వచ్చినా కారు ముందు అక్కడే ఆగుతుందని ఆ వీధిలో అందరికీ తెలుసు.

నేను వెళ్లిన మొదటి రోజు రిజిస్టర్‌లో పందొమ్మిది మంది ఉన్నారు, చాప మీద ఆరుగురున్నారు. ఆయా పోస్టు ఖాళీ. టీచర్ గారే తలుపు తీయాలి, ఊడవాలి, బియ్యం కడగాలి, పొయ్యి దగ్గర నిలబడాలి. ఆ రోజు బాలింతలకి, గర్భిణులకి రేషన్ ఇచ్చే రోజు కూడా. 2025 జులై నుంచి ఇంటికి తీసుకెళ్లే సరుకులకి ముఖం ఫొటో సరిపోలాలన్న నిబంధన వచ్చింది కదా, ఆవిడ ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఒక బాలింత, చంకలో పసిబిడ్డ. "కళ్లు ఆర్పమ్మా. ఇంకోసారి. ఇటు వెలుతురులోకి రా. ఇంకోసారి ఆర్పు." తెర మీద గుండ్రంగా ఏదో తిరుగుతూనే ఉంది. నెట్ పోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ మొదటి నుంచి. నలుగురికి పూర్తయ్యేసరికి గోడ గడియారంలో నలభై నిమిషాలు దాటాయి. ఆ నలభై నిమిషాలూ ఆరుగురు పిల్లలు టీవీ వంక చూస్తూ కూర్చున్నారు. టీవీ ఆపేసి ఉంది.

బీరువా మీద ప్రీస్కూల్ కిట్ ఉంది. చెక్క దిమ్మలు, పూసలు, జంతువుల బొమ్మలు బయటికి కనపడుతున్నాయి. ప్లాస్టిక్ కవరు మాత్రం విప్పలేదు. ఒక పిల్లాడు నా కొంగు లాగి దాన్ని చూపించాడు. టీచర్ గారిని అడిగితే, "పోతే నేను లెక్క చెప్పాలమ్మా. ఆయా ఉంటే తీసేదాన్ని. ఒక్కదాన్ని ఎంతమందిని చూసుకోను" అన్నారు. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు, ఆ పొద్దంతా కళ్లారా చూశాను. పన్నెండున్నరకి అన్నం, గుడ్డు పెట్టారు. ఒంటి గంటకి తల్లులొచ్చి పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. రిజిస్టర్‌లోని మిగతా పదమూడు మందీ కాన్వెంట్లలో ఉన్నారని అక్కడికొచ్చిన తల్లులే చెప్పారు.

బడి ఆవరణలో ఉన్న సెంటర్ నాకు ముందు చాలా నచ్చింది. పెద్ద వేపచెట్టు, ఆడుకోవడానికి నేల, తాగే నీళ్లు, పక్కనే ఒకటో తరగతి. సెంటర్లని బడుల దగ్గరికి తీసుకురావాలన్న ఆలోచన ఎందుకొచ్చిందో అక్కడ చూస్తే అర్థమవుతుంది. ఆరేళ్లు నిండిన పిల్ల ఆ గుమ్మం నుంచి ఈ గుమ్మానికి నడిచిపోతుంది, ఏడుపూ బెంగా ఉండవు. పిల్లలు కూడా ఎక్కువ మందే వస్తారు. కానీ పలకలు బయటికి తీస్తే సాయంత్రం దాకా అవే. నాలుగేళ్ల పిల్లలు "ఆ" దిద్దుతున్నారు. దిద్దిన దాని మీదే మళ్లీ దిద్దుతున్నారు. ఒక పాప బలపాన్ని పిడికిలితో పట్టుకుంది. వేళ్లు ఇంకా కుదరడం లేదు. గీత వంకర పోయినప్పుడల్లా తడిగుడ్డతో తుడిచి మళ్లీ మొదలుపెట్టేది. గంటలో ఆ పిల్ల నోటి నుంచి ఒక్క మాట రాలేదు. ఒకటో తరగతికి వచ్చేటప్పటికి పిల్లలకి రాయడం వచ్చి ఉండాలని బడి వాళ్లు అడుగుతున్నారట. తల్లిదండ్రులు కూడా "ఏం రాయించారు?" అనే అడుగుతారట. నిజమే, నేనూ మొదటి రోజు అదే అడిగాను. రాస్తేనే చదువనుకున్నాను.

కాలువ గట్టుకి వెళ్లాక ఆ ఆలోచన మారింది.

అది సెంటర్ అని చెప్పుకోవడానికి బోర్డు తప్ప ఏమీ లేదు. ఒక ఇంటి వెనక వైపు అద్దె గది. పదడుగులు వెడల్పు, పన్నెండడుగులు పొడవు. 600 అడుగుల లెక్కలో ఐదో వంతు. ఆ గదిలోనే ఒక మూల గ్యాస్ పొయ్యి, బియ్యం బస్తాలు, తూకం మెషిన్, ఇంకో మూల పద్దెనిమిది మంది పిల్లలు. బాత్రూం ఇంటివాళ్లది, అడిగి వాడుకోవాలి. కిటికీ ఒకటే, అది కాలువ వైపు. దోమలని వేసవిలో కూడా సగం మూసే ఉంచుతారు. పొయ్యి దగ్గర పిల్లలు తిరగకుండా ఆయమ్మ ఒక బల్ల అడ్డం పెట్టింది. ఆ బల్ల చూసినప్పుడల్లా నాకు గుండె ఝల్లుమనేది. ఇప్పటికీ అంతే.

ఆ గదిలో పొద్దున పది గంటలకి టీచర్ గారు ఖాళీ కోడిగుడ్ల అట్ట ఒకటి చాప మధ్యలో పెట్టారు. ముప్పై గుంటల అట్ట. పక్కన గిన్నెలో చింతపిక్కలు. ఒక్కొక్కరూ వచ్చి ఒక పిక్క తీసుకుని ఒక గుంటలో వేయాలి. వేస్తూ ఎవరి పేరు వాళ్లే చెప్పాలి. పద్దెనిమిది పిక్కలు పడ్డాయి. "ఇంకెవరు రాలేదు?" అని అడిగారు ఆవిడ. పిల్లలు అటూ ఇటూ చూసుకుని ఇద్దరి పేర్లు చెప్పారు. "అయితే ఇంకెన్ని పిక్కలు వెయ్యాలి?" "రెండూ!" అని అరిచారు. ఒక పిల్లాడు లేచి, "వాడికి జొరం. వాడి పిక్క నేను వేస్తా" అన్నాడు. ఆవిడ వేయనిచ్చారు. "జ్వరమొస్తే ఒళ్లెలా ఉంటుంది?" అని అడిగారు. ఇక చూడండి, ఒకడు వేడిగా అంటాడు, ఒకతె చేదు మందు అంటుంది, ఇంకొకతె "మా నానమ్మ నుదుటి మీద తడిగుడ్డ వేసింది" అని మొదలుపెట్టి ఐదు నిమిషాలు చెప్పింది. ఆవిడ మధ్యలో ఆపలేదు. హాజరు తీసుకున్నారు, లెక్క చెప్పారు, మాట్లాడించారు, రాని పిల్లల్ని గుర్తుచేశారు. అన్నీ ఆ అట్టతోనే అయిపోయాయి. ఆ అట్ట గుడ్లతో పాటు ప్రతి సెంటర్‌కీ వచ్చేదే.

తర్వాత గుజ్జనగూళ్లు. కొబ్బరి చిప్పలు, పాత గరిటెలు, మందారాకులు. నలుగురు వండుతున్నారు, ఇద్దరు కొనుక్కోవడానికి వచ్చారు. ఎంత అంటే పది అంటున్నారు, బేరం ఆడుతున్నారు. మా పాప మొదటి రోజు నా ఒళ్లోంచి దిగలేదు. రెండో రోజు అంచున కూర్చుంది. మూడో రోజు నేను వెళ్లొస్తానంటే తలెత్తకుండా "ఊఁ" అంది, చేతిలో గరిటె ఉంది. ఇంటికొచ్చాక రాత్రి అన్నం తింటూ కంచంలో చిక్కుడు గింజలు ఒక్కొక్కటే పక్కకి పెడుతూ లెక్కపెట్టింది. ఏడు దాకా వచ్చి ఆగింది.

ఆ సెంటర్లోనే ఇంకొకటి బయటపడింది. పాపని మెషిన్ మీద నిలబెడితే 11 కిలోల 400 గ్రాములు చూపించింది. టీచర్ గారు ఫోన్‌లో వయసు, ఎత్తు చూసి, "బరువు ఇంకా పచ్చ రంగులోనే, అంటే సరిపడానే ఉంది గానీ అంచున ఉందమ్మా. పోయిన నెల ఎంతుంది?" అని అడిగారు. నాకు తెలియదు. ఆరా తీస్తే, పాప పేరున్న సెంటర్లో మెషిన్ బ్యాటరీ అయిపోయి రెండు నెలలుగా తూయలేదని తేలింది. ఇక్కడి టీచర్ గారు ఆ వారమే ఏఎన్‌ఎం (ఊరి నర్సమ్మ) వచ్చినప్పుడు పాపని చూపించారు. నులిపురుగుల మాత్ర, సాయంత్రం పూట వేరుశనగ ఉండ, గుడ్డు మానకూడదు అని చెప్పారు. ఇప్పుడు బరువు కదిలింది. ఒక బ్యాటరీ అయిపోతే ఒక పిల్ల ఎక్కడ ఆగిపోయిందో ఎవరికీ తెలియకుండా పోతుందని అప్పుడు అర్థమైంది.

పాప పేరు ఇక్కడికి మార్చమని అడిగాను. "మీ ఇల్లు నా సర్వే పరిధిలోకి రాదమ్మా. బియ్యం, గుడ్లు పేర్ల లెక్కనే వస్తాయి. కూర్చోబెట్టుకుంటాను, కాదనను. కానీ అన్నం పెడితే నాకు లెక్క తేలదు" అన్నారు టీచర్ గారు. అందుకని అత్తయ్య బాక్సు కట్టి పంపిస్తున్నారు. పద్దెనిమిది కంచాల్లో గవర్నమెంటు గుడ్డు, మా పాప బాక్సులో ఇంటి గుడ్డు. పక్క పిల్ల అడిగిందట, "నీకు ఇక్కడి గుడ్డు ఇవ్వరా?" అని. పాప ఇంటికొచ్చి అదే ప్రశ్న నన్ను అడిగింది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. గుడి వెనక సెంటర్లో మా పాప పేరు మీద గుడ్డు వస్తూనే ఉంది.

ఈ మూడింటికీ ఇంత తేడా ఎందుకొచ్చిందని రాత్రిళ్లు కూర్చుని చదివాను. షాపులో కంప్యూటర్ ఉంది కాబట్టి జీవోలు, చట్టాలు తీసి చూసుకోవడం నాకు అలవాటే. 2013 ఆహార భద్రత చట్టం ఐదో సెక్షన్ ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకి వయసుకి తగిన భోజనం ఉచితంగా స్థానిక అంగన్‌వాడీ నుంచి అందాలి. అది హక్కు. చదువు దగ్గరికి వస్తే, 2009 విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకానే హక్కు ఇచ్చింది. మూడు నుంచి ఆరేళ్ల వాళ్ల గురించి పదకొండో సెక్షన్‌లో ప్రభుత్వం ఏర్పాట్లు "చేయవచ్చు" అని మాత్రమే ఉంది. రాజ్యాంగంలో 45వ అధికరణాన్ని 2002లో మార్చినప్పుడు కూడా ఆరేళ్ల లోపు పిల్లల విద్య కోసం రాజ్యం "ప్రయత్నించాలి" అనే రాశారు. గుడ్డు తగ్గితే అడగడానికి ఒక చట్టముంది. బొమ్మల కవరు ఎందుకు విప్పలేదని అడగడానికి ఏమీ లేదు. నా దగ్గరికి వచ్చే అర్జీల్లో గుడ్డు ఉండి చదువు లేకపోవడానికి కారణం ఇదేనేమో అనిపిస్తోంది.

కానీ విధానాలు మీరు రాసుకున్నవి ఉన్నాయి. 2013లో వచ్చిన జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఇరవై మందికి ఒక పెద్ద మనిషి ఉండాలన్నారు. ముప్పై మందికి 35 చదరపు మీటర్ల గది, ఆరుబయట ఇంకో 30 చదరపు మీటర్లు ఉండాలన్నారు. 2020 జాతీయ విద్యా విధానం మెదడు ఎదుగుదలలో 85 శాతం ఆరేళ్ల లోపే జరుగుతుందని చెప్పి, 2030కల్లా ఈ వయసు పిల్లలందరికీ మంచి పూర్వ ప్రాథమిక విద్య అందాలని గడువు పెట్టింది. 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ విడుదల చేసిన "ఆధారశిల" కూడా ఆటల ద్వారానే నేర్పమంటోంది. కాలువ గట్టు టీచర్ గారు అది చదివారో లేదో నేను అడగలేదు. చేస్తున్నది మాత్రం అదే.

ఇప్పుడు అసలు మాట. తనిఖీకి వచ్చినప్పుడు మీరు బిల్డింగు చూస్తారు, స్టాకు చూస్తారు, యాప్‌లో ఎంట్రీలు చూస్తారు. మేము తల్లులం గుడ్డు చూస్తాం, పలక చూస్తాం. పది నుంచి పన్నెండు దాకా పిల్లలు ఏం చేస్తున్నారో మీరూ చూడరు, మేమూ చూడం. చూస్తే ఈ మూడింటిలో మీరు ముందు పెట్టిన సెంటర్ చివరికి వెళ్తుంది. చివర ఉన్నది ముందుకి వస్తుంది. నేను సెంటర్లని పోల్చింది టీచర్లకి మార్కులు వేయడానికి కాదు. గుడి వెనక టీచర్ గారికి ఒక ఆయా ఉండి, పొద్దున పూట ఫోన్ మోగకపోతే ఆవిడ ఎలా చేసేవారో మనలో ఎవరికైనా తెలుసా? మన ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ల జీతం 2019లో నెలకి 11,500 రూపాయలు అయింది. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేసినప్పుడు వాళ్ల కరపత్రం మా షాపులోనే టైపు చేశాం. అక్షరం అక్షరం నేనే కొట్టాను. వీళ్లకి గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు ఇచ్చే డబ్బు) వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది, చట్టం ప్రకారం నడిచే పని వీళ్లు చేస్తున్నారని కూడా చెప్పింది. అలాంటి మనిషి చేత సర్వే చేయించి, ఫొటోలు తీయించి, వంట చేయించి, మళ్లీ "పిల్లలకి ఏం నేర్పావు?" అని అడగడం న్యాయం కాదు.

అందుకే నేను అడిగే మొదటిది డబ్బుతో పని లేనిది. పొద్దున రెండు గంటలు టీచర్‌ని పిల్లలకి వదిలేయండి. ఆ వేళలో యాప్ ఎంట్రీ అడగొద్దు, రేషన్ పంపిణీ పెట్టొద్దు, మీటింగుకి పిలవొద్దు, సర్వేకి పంపొద్దు. ముఖం ఫొటోలు మధ్యాహ్నం తీసుకోవచ్చు, తల్లులం మేము వచ్చి నిలబడతాం. పనులకి పోయేవాళ్లకి ఇబ్బందైతే సాయంత్రం ఒక గంట పెట్టండి. ఒక్క సర్క్యులర్‌తో అయ్యే పని ఇది.

గుడి వెనక ఆయా పోస్టు వెంటనే నింపండి. నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, తాత్కాలికంగా ఎవరినైనా వేసే దారి మీకు తెలిసే ఉంటుంది. బొమ్మలు పోతే, విరిగితే టీచర్ కట్టక్కర్లేదని కాగితం మీద రాసివ్వండి. పిల్లలు ఆడితే బొమ్మలు విరుగుతాయి. ఏడాది చివర్లో ఏ సెంటర్లో బొమ్మలు కొత్తగా ఉన్నాయో ఆ సెంటర్‌నే ముందు అడగాలి.

కాలువ గట్టు సెంటర్‌కి చోటు మార్చండి. బడి ఆవరణలో రెండు గదులు తాళం వేసి ఉన్నాయి, నేను చూశాను. వాటిలో ఒకటి ఇస్తే పొయ్యి పక్కన పిల్లలు కూర్చునే బాధ పోతుంది. ఒక భయం కూడా చెప్పాలి. బడిలోకి వెళ్లాక ఆ గుడ్ల అట్ట పోయి పలక రాకూడదు. గది మారాలి గానీ పద్ధతి మారకూడదు. బడి హెడ్మాస్టర్ గారితో, ఒకటో తరగతి టీచర్‌తో మీరు కూర్చుని, అంగన్‌వాడీ నుంచి వచ్చే పిల్ల చేతికి ముందు బలపం కాదు, నోటికి మాట రావాలని చెప్పండి. కథ విని తిరిగి చెప్పడం, పది దాకా వస్తువులు లెక్కపెట్టడం, తన చెప్పులు తాను వేసుకోవడం, వంతు వచ్చేదాకా ఆగడం చూడమనండి. మిగతాది ఒకటో తరగతిలో వస్తుంది.

నెలనెలా సెక్టార్ మీటింగు ఆఫీసులో పెట్టే బదులు ఒక నెల ఆ కాలువ గట్టు టీచర్ గారి దగ్గర పెట్టండి. గంట సేపు మిగతా టీచర్లు గోడవారగా కూర్చుని చూస్తే చాలు. ట్రైనింగుల్లో తెర మీద చూపించే దానికంటే అది మనసుకి పడుతుంది. ఆవిడకి ఒక శాలువా కప్పి ఫొటో తీసి పంపేయొద్దు. ఆవిడ పని చూడండి.

ప్రతి సెంటర్ బయట ఒక బోర్డు పెట్టించండి. ఈ నెల ఎన్ని రోజులు తెరిచారు, సగటున ఎంతమంది పిల్లలు కూర్చున్నారు, ఎంతమందిని తూచారు, ఎంతమంది బరువు పెరగలేదు, టీచర్‌ని వేరే పనికి ఎన్ని రోజులు పంపారు. చివరిది తప్పకుండా ఉండాలి. అది మీ శాఖ గురించి చెప్పే అంకె. పిల్లల పేర్లు అక్కర్లేదు. సుద్దముక్కతో రాసినా సరిపోతుంది. మా లాంటి తల్లులు అది చదివి అడగడం నేర్చుకుంటారు. ఏ వీధిలో ఉన్నా నచ్చిన సెంటర్‌కి పేరు మార్చుకునే వీలు కూడా ఇవ్వండి. పేరుతో పాటు గుడ్డు కూడా నడిచి వచ్చేలా చూడండి.

ఇంకొకటి ఉంది. ఇదే అన్నిటికంటే ముందు రాయాల్సిందేమో. మూడు సెంటర్లని పోల్చుకునే అదృష్టం మాకుంది. ఊరి చివర హైవే అవతల కొత్త ఇళ్ల కాలనీలో ఒక్క సెంటర్ కూడా లేదు. అక్కడి పిల్లలు రావాలంటే లారీలు పోయే రోడ్డు దాటాలి, ఏ తల్లీ పంపదు. పక్కనే ఇటుక బట్టీలో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి, వాళ్ల పిల్లలు రోజంతా మట్టి కుప్పల దగ్గరే. మా పక్కింటి అక్క, నేను రెండు ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి లెక్క రాశాం. ఆరేళ్ల లోపు పిల్లలు నలభై దాటారు. నలభై మంది పిల్లలుండి అంగన్‌వాడీ లేని చోట ప్రజలు అడిగితే మూడు నెలల్లోపు పెట్టాలని 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆదేశించింది. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో మొదలైన ఈ అంగన్‌వాడీల పథకానికి యాభై ఏళ్లు దాటాయి. హైవే దాటడం మాత్రం ఇంకా మిగిలింది.

కాలనీ ఆడవాళ్లు సంతకాలు పెట్టిన కాగితం నా దగ్గరుంది. కొంతమంది వేలిముద్రలు వేశారు. వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో ఈ లేఖ, ఆ కాగితం, నా నోట్‌బుక్ జిరాక్సు మూడూ కలిపి ఇస్తాను, రసీదు నంబరు తీసుకుంటాను. మూడు నెలలు ఆ తేదీ నుంచి లెక్క. ఈలోగా మీలో ఎవరైనా ఒక రోజు పొద్దున పది గంటలకి కాలువ గట్టుకి రండి. ముందుగా ఫోన్ చేయొద్దు, ఫొటోగ్రాఫర్‌ని తీసుకురావొద్దు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి చాప మీద కూర్చోండి. మీ చేతికి కూడా ఒక చింతపిక్క ఇస్తారు.

ఇట్లు,
కోర్టు రోడ్డు డీటీపీ షాపులో పనిచేసే ఒక తల్లి